ఢిల్లీ నుంచి హన్మకొండ దాకా ఒక రాత్రి: ఫ్లైట్‌కూ క్యాబ్‌కూ కలిపి నా రివ్యూ

ముందే చెప్తున్న, ఎయిర్‌లైన్ పేరు రాయను, క్యాబ్ వాళ్ల పేరు కూడా రాయను. ఇది ఒక్క కంపెనీ ముచ్చట కాదు, హన్మకొండ, కాజీపేట, జనగామ దిక్కు నుంచి శంషాబాద్ పోయి విమానం ఎక్కేటోళ్లందరికీ పనికొస్తదని రాస్తున్న. జర పెద్దగనే ఉంటది, ఓపికతోని చదవండి.

మా చిన్నోడు నోయిడాల జాబ్ చేస్తుండు, వాని దగ్గర పది రోజులు ఉండి జనవరిల తిరిగొస్తున్నం, నేను, మా ఇంటామె, మా అమ్మ. అమ్మకు 74, మోకాళ్ల నొప్పులు, వీల్‌చెయిర్ బుక్ చేసినం. ఫ్లైట్ రాత్రి 8:35కు, 10:50 వరకు శంషాబాద్, అక్కడ క్యాబ్ రెడీగ ఉంటది, రెండున్నర మూడింటికల్ల ఇంట్ల పడుతం అని లెక్క. ఢిల్లీల ఆ రోజు మంచు ఎట్లుందంటే టెర్మినల్ అద్దాల నుంచి చూస్తే ముందటున్న విమానం తోక కనవడతలేదు. 9:20 అని మెసేజ్, మళ్ల 10:10, మళ్ల 11. మంచుకు ఎవరేం చేస్తరు, దానికి నేను ఒక్క స్టార్ కూడా తగ్గిస్తలేను. వీల్‌చెయిర్ తోలుకొచ్చిన పిలగాడు మాత్రం అమ్మను వదిలిపెట్టి పోకుండ అన్ని గంటలు పక్కనే నిలవడ్డడు, బాత్రూంకు తీస్కపోయిండు, ఆ సర్వీసుకు ఐదుకు ఐదు.

11:25కు ఎక్కించిన్రు. తలుపులు మూసిన్రు. కూసున్నం. ముప్పావుగంట అయింది, విమానం కదలదు. 12:15కు కెప్టెన్ మైకుల మాట్లాడిండు, ముందు ఇంగ్లీషుల తర్వాత హిందీల. మా డ్యూటీ టైం అయిపోవచ్చింది, ఇప్పుడు బయల్దేరితే హైదరాబాద్‌ల దిగేసరికి లిమిట్ దాటిపోతది, కాబట్టి మేం ఈ ఫ్లైట్ నడపలేం, వేరే క్రూ వస్తున్నరు, మన్నించండి అన్నడు.

ఇగ లొల్లి. ఒకాయన లేచి రెండు గంటల ప్రయాణమే కదా, రెండు గంటలు ఆగలేవా అని మొత్తుకున్నడు, ఇంకొకామెకు తెల్లారి పెండ్లి ఉందట, ఏడ్చింది. నాకు కూడా యాష్టకొచ్చింది, అబద్ధం ఎందుకు. డ్యూటీ అయిపోయిందని మధ్యల చేతులెత్తేసుడేంది, గవర్నమెంట్ ఆఫీసుల అయిదు కాంగనే ఫైలు మూసినట్టు అని మనసుల అనుకున్న.

అప్పుడు ఆ కెప్టెన్ కాక్‌పిట్‌ల నుంచి బయటికొచ్చి ముందు సీట్ల దగ్గర నిలవడ్డడు. మేం మూడో వరుసల ఉన్నం, మనిషి దగ్గరగ కనవడుతుండు. నలభై అయిదు ఉంటయేమో. టై కొద్దిగ వదులు చేసి ఉంది, ఎడమ చెయ్యితోని పైన సామాన్ల అర అంచు పట్టుకొని నిలవడ్డడు, ఊరికె పట్టుకున్నట్టు లేదు, ఆనుకున్నట్టుంది. కండ్లు ఎర్రగ, కింద ఉబ్బి ఉన్నయి. మాట మాత్రం నిమ్మళంగ ఉంది. "మధ్యాహ్నం ఒంటిగంటకు రిపోర్ట్ చేసిన, ఇది మూడో ఫ్లైట్, మిమ్ముల సేఫ్‌గ దింపుత అని ఈ టైంల నేను మాట ఇయ్యలేను" అని హిందీల అన్నడు. ఎవరెంత గట్టిగ అడిగినా అదే మాట అదే గొంతుతోని మళ్ల చెప్పిండు.

మా అమ్మకు హిందీ అంతంత మాత్రమే. ఏమంటుండురా అని అడిగింది. నిద్ర సరిపోలేదు, నడపను అంటుండు అని చెప్పిన. అమ్మ కొద్దిసేపు ఆయన ముఖం దిక్కే చూసి, "మంచిగనే చెప్పిండు కొడుకా, మీ బాపుకు గట్ల చెప్పెటందుకు ఎవ్వలుంటిరి" అన్నది.

మా బాపు లారీ డ్రైవర్. కరీంనగర్ గ్రానైట్ రాళ్లు కాకినాడ పోర్టుకు తోలేటోడు. రాత్రి పూట పచ్చి మిరపకాయ కొరుక్కుంట నడిపేటోడు, మాడు మీద నీళ్లు పోసుకునేటోడు. నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు ఖమ్మం దాటినంక తెల్లారుగట్ల లారీ రోడ్డు దిగి బోల్తా పడ్డది. క్లీనర్ చెయ్యి విరిగింది, బాపు కాలు ఎప్పటికీ సక్కగ కాలేదు. దాని గురించి ఆయన జీవితంల ఒక్క మాటనే చెప్పిండు: కన్ను నేను ముయ్యలేదురా, అదే మూసుకున్నది. అమ్మ ఆ మాటన్నంక నా గుస్సా అంతా ఎటో పోయింది, నేను లేచి ఆ లొల్లి చేసే ఆయనను కూసో అన్నా అన్న.

ఇంటికొచ్చినంక దీని గురించి చదివిన, తెలిసిన వాళ్లను అడిగిన. పైలట్ డ్యూటీ లెక్క విమానం లేచినప్పటి నుంచి కాదు, రిపోర్ట్ చేసిన నిమిషం నుంచి మొదలైతది. మంచుల విమానం ఆగినా, గేటు దగ్గర కూసున్నా, ఆ గడియారం నడుస్తనే ఉంటది. మనకేమో ఊరికె కూసున్నడు కదా అనిపిస్తది. ఊరికె కూసునుడు కూడా మేలుకొని ఉండుడే. మన దేశంల ఈ రూల్స్ పెట్టేది డీజీసీఏ, అంటే విమానాల మీద పెత్తనం చేసే కేంద్ర సర్కారు సంస్థ, డ్యూటీకి లిమిట్ పెట్టే ఈ రూల్స్‌ను ఎఫ్‌డీటీఎల్ అంటరు. విమానం నడిపే టైం వారంల 35 గంటలు, నెలకు 125, ఏడాదికి 1000 దాటొద్దు. ఒక్కరోజు డ్యూటీ కూడా ఎన్నిసార్లు ల్యాండ్ చేస్తరు, ఏ టైంల చేస్తరు అనేదాన్ని బట్టి తగ్గుకుంట పోతది. అనుకోకుండ ఆలస్యమైతే కెప్టెన్ క్రూతోని మాట్లాడి కొంచెం పొడిగించుకోవచ్చు, కానీ అలసిపోయిన అని తెలిసి నడపొద్దు. ఆయన వద్దు అంటే మెడమీద కత్తి పెట్టి నడిపియ్యరాదు, అసలు ఆ రూల్ ఉన్నదే అందుకు.

రెండు గంటల ప్రయాణమే కదా అన్నాయనకు నేను ఇప్పుడైతే ఒక్క పేరు చెప్తుంటి: మంగళూరు. 2010 మే 22, దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం పొద్దున ఆరు గంటల టైంల గుట్ట మీది రన్‌వే దాటి లోయల పడ్డది, 166 మందిల 158 మంది పోయిన్రు. ఎంక్వైరీల తేలిందేందంటే కెప్టెన్ దారిపొడుగునా చాలాసేపు నిద్రపోయిండు, ఆయన గురక కాక్‌పిట్ రికార్డర్‌ల పడ్డది. దిగే ముందట లేచిండు. మనం నిద్ర మబ్బు అంటం చూడండి, లేచినంక కొద్దిసేపు ఏది ఎట్లుందో సక్కగ సమజ్ కాకుండ ఉంటది, ఆ మబ్బుల ఎత్తు ఎక్కువుందని తెలిసినా దింపుడు ఆపలేదు. పక్కన కో పైలట్ మూడు సార్లు మళ్ల పైకి లేపుదాం అన్నా వినలేదు. లోకమంతా కష్టం అనుకునేది పైకి లేపుడు, కానీ అసలు బుర్ర పెట్టాల్సింది దింపేటప్పుడే, అది వచ్చేదేమో డ్యూటీ చివర్ల, మనిషి బాగా అలసిపోయినంక. అందుల రాత్రి రెండింటి నుంచి ఆరింటి దాకా ఒళ్లు దానంతట అదే నిద్రకు గుంజుతది, ఎంత అనుభవం ఉన్నోనికైనా అంతే. అమెరికాల 2009ల బఫలో దగ్గర చిన్న విమానం కూలి 50 మంది పోయినంక అక్కడ కూడా పైలట్ల రెస్ట్ రూల్స్ మొత్తం తిరగరాసిన్రు, 2014ల అమలుల పెట్టిన్రు. ఈ రూల్స్ ఎవరో సుఖంగ పండుకునేటందుకు రాసినయి కావు, పోయిన ప్రాణాలను చూసి రాసినయి.

మన దగ్గర కొత్త రూల్స్ 2024 జనవరిల వచ్చినయి. వారం రెస్ట్ 36 గంటల నుంచి 48 చేసిన్రు, రాత్రి అనే లెక్క పన్నెండు నుంచి అయిదు దాకా ఉండేది ఆరు దాకా చేసిన్రు, రాత్రి డ్యూటీల ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గించిన్రు. ఎయిర్‌లైన్లు కష్టం అంటే వాయిదా పడ్డది, కోర్టు దాకా పోయి 2025 జులై 1న కొన్ని, నవంబర్ 1న మిగిలినయి అమలైనయి. డిసెంబర్‌ల ఏమైందో మీకందరికీ యాదికుంటది, ఇండిగో ఫ్లైట్లు వేలల్ల రద్దయినయి, ఎయిర్‌పోర్టుల సూట్‌కేసులు గుట్టలు పడ్డయి, కొన్ని రూల్స్ నుంచి ఆ కంపెనీకి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చిన్రు. అప్పుడు మా కాలనీల అందరూ ఏందీ పైలట్ల రూల్స్, జనాన్ని సతాయించనీకే అన్నరు. నేను కూడా అన్న. ఇప్పుడు అనను. రూల్ వచ్చి అమలయ్యేదాకా దగ్గర దగ్గర రెండేండ్ల టైం ఉండె, ఆ రెండేండ్లల్ల మనుషులను తీసుకొని ట్రైనింగ్ ఇచ్చుకోవాల్సింది కంపెనీల పని.

మా ఫ్లైట్ విషయంల కూడా నా కోపం కెప్టెన్ మీద కాదు, ఆఫీసుల కూసొని లెక్క వెయ్యనోళ్ల మీద. ఒంటిగంటకు రిపోర్ట్ చేసిన క్రూ అర్ధరాత్రి దాటినంక ఢిల్లీల లేస్తే లిమిట్ దాటుతరని తొమ్మిదింటికే తెలుస్తది, చేతివేళ్ల మీద లెక్క. పదింటికి వేరే క్రూను పిలిపిస్తే సరిపోయేది. మమ్ముల ఎక్కించి, తలుపులు మూసి, ముసలోళ్లను చంటిపిల్లలను ఆ ఇరుకుల ముప్పావుగంట కూసోపెట్టి, ఆ తర్వాత చెప్పే పని ఆ కెప్టెన్ నెత్తిన పెట్టిన్రు. తిట్లన్నీ ఆయన తిన్నడు. గ్రౌండ్ స్టాఫ్ ఒక్కలు కూడా లోపలికొచ్చి మాట్లాడలే. దింపినంక ఒక సల్లటి సాండ్‌విచ్, చిన్న జ్యూస్ డబ్బా చేతుల పెట్టిన్రు. రాత్రి ఎనిమిది నుంచి మూడు మధ్యల పోవాల్సిన ఫ్లైట్ ఆరు గంటలు దాటి లేటైతే హోటల్ రూం ఇయ్యాలని డీజీసీఏ రూల్, మాది ఆరున్నర గంటలు లేటైంది, కౌంటర్‌ల ఆ మాట ఎవ్వలూ ఎత్తలే, ఇంకో నలభై నిమిషాలు సార్, ఇంకో నలభై నిమిషాలు సార్, అదే పాట. అమ్మ బీపీ గోలి ఏసుకునేటందుకు గోరువెచ్చని నీళ్లు తెచ్చిచ్చింది ఆ విమానంల నుంచి దిగిపోతున్న ఎయిర్‌హోస్టెస్ పిల్ల, ఆమె డ్యూటీ కూడా అయిపోయింది, అయినా ఆగి తెచ్చిచ్చింది.

3:10కి కొత్త క్రూతోని లేచింది, 5:20కి శంషాబాద్‌ల దిగినం. ల్యాండింగ్ అసలు తెల్వనేలేదు, మా ఇంటామె నిద్రపోతనే ఉండె.

ఇగ క్యాబ్. నేను అసలు రాయాలనుకున్నది దీని గురించే.

హన్మకొండల పేరున్న ట్రావెల్సే, ముందు రెండు సార్లు పోయినం, ఏం తక్కువ చేయలే. డిజైర్ బండి, సీట్లు సాఫ్, ఏసీ మంచిగుంది, వాటర్ బాటిళ్లు పెట్టిన్రు, 3,800 రూపాయలు టోల్‌తోని కలిపి, లేటైనందుకు వెయిటింగ్ అని ఇంకో 600. డ్రైవర్ తమ్ముడు పాతికేండ్ల పోరడు, అమ్మ చెయ్యి పట్టుకొని మెల్లగ ఎక్కించిండు, అంత మర్యాద. ఓఆర్‌ఆర్, అదే రింగ్ రోడ్డు ఎక్కినం, ఘట్‌కేసర్ దగ్గర దిగినం, అప్పటిదాకా బాగనే ఉంది. నేను ముందట కూసున్న, వెనక ఇద్దరూ నిద్రపోయిన్రు.

బీబీనగర్ దాటి గూడూరు టోల్ గేటు అయినంక గమనించిన. జనవరి చలిల, బయట మంచు, ఈ పోరడు తన దిక్కు అద్దం దించిండు. చెవి పట్టి గుంజుకుంటుండు. ఆ తర్వాత బండి స్పీడ్ చూసిన, 95 ఉంటది, ఊకనే 70కి వస్తది, మళ్ల గుంజినట్టు 95కు పోతది. ముందట ఏ బండీ లేదు. కాలు వదులైతుంది, మళ్ల ఉలిక్కిపడి తొక్కుతుండు. భువనగిరి బైపాస్ దాటినంక బండి మెల్లగ ఎడమకు జరిగి తెల్లగీత మీద చక్రం దడదడ అన్నది. అతని దిక్కు చూస్తే కండ్లు తెరిచే ఉన్నయి, కానీ ఆ కండ్లు ఏం చూస్తలేవు. మా బాపు మాట చెవుల మోగింది. వంద స్పీడ్‌ల నాలుగు సెకండ్లు కన్ను మూసుకుంటే బండి 110 మీటర్లు ఎవ్వలూ నడపకుండ పోతది.

తమ్మీ, చాయ్ తాగుదాం ఆపు అన్న. ఆలేరు రాకముందు ఒక హోటల్ దగ్గర ఆపించిన. ఎప్పుడు పండుకున్నవ్ రా అని అడిగిన. ముందు, ఏం లేదు సార్ బాగనే ఉన్న అన్నడు. మళ్ల అడిగితే చెప్పిండు. మొన్న రాత్రి పండుకొని నిన్న పొద్దున అయిదింటికి లేచిండట, కరీంనగర్ ఆస్పత్రికి ఒక ట్రిప్ కొట్టిండు, మధ్యాహ్నం హుజూరాబాద్ దిక్కు పెండ్లోళ్లను దింపిండు, సాయంత్రం ఆరున్నరకు శంషాబాద్ బయల్దేరిండు మా కోసం. పార్కింగ్‌ల పండుకోవచ్చు కదా అంటే, మీ ఫ్లైట్ అరగంటకోసారి మారుతుంటే ఫోన్ చూసుకుంట కూసున్న సార్, నిద్ర పట్టలే అన్నడు. అంటే అప్పటికి 26 గంటలాయె. నేను చదివిన దాని ప్రకారం 17 గంటలు మేలుకొని ఉంటే మనిషి చేతులు, బుర్ర పనిచేసే తీరు రక్తంల 0.05 శాతం మందు ఉన్నోని లెక్క ఉంటది, 24 గంటలైతే 0.10 లెక్క. మన దగ్గర పోలీసులు కేసు పెట్టేది 0.03 దాటితే. కాజీపేట చౌరస్తల ఆపి ఊదిపిస్తే మాత్రం ఈ పోరనికి సున్నా వస్తది, పంపిచ్చేస్తరు.

మరి నడపలేను అని ఓనర్‌కు ఎందుకు చెప్పలే అన్న. నా దిక్కు వింతగ చూసిండు. చెప్తే ట్రిప్ ఇంకొకనికి ఇస్తడు సార్, బత్తా పోతది, రేపటి నుంచి పిలువడు అన్నడు. ఆరేడు గంటల ముందట ఢిల్లీల ఒకాయన నడపను అని రెండు వందల మంది ముందట నిలవడి చెప్పగలిగిండు, ఆయన ఉద్యోగం పోదు, వెనక రూల్ ఉంది. ఈ పిలగానికేం ఉంది? చట్టం అయితే ఉండె, 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం, 2025 నవంబర్ దాకా నడిచింది, రోజుకు 8 గంటలు వారానికి 48 అని అండ్ల రాసుండె, కానీ అది కూడా అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువ పనోళ్లున్న సంస్థలకే. రెండు మూడు బండ్లు పెట్టుకొని ఒక్కో డ్రైవర్‌ను ట్రిప్ లెక్కన పిలిచే ట్రావెల్స్ మన ఊళ్లె ఎన్ని ఉన్నయో మీకే తెలుసు.

సీటు వెనక్కు వాల్చి పండుకొమ్మన్న. వద్దు సార్ పదకొండింటికి ఇంకో ట్రిప్ ఉంది అన్నడు. అమ్మ దిగొచ్చింది, నువ్వు పండుకుంటేనే మేం బండెక్కుతం బిడ్డా అన్నది. రెండు నిమిషాలల్ల నోరు తెరిచి నిద్రపోయిండు. మేం హోటల్ ముందట బల్ల మీద కూసున్నం, అమ్మ సాసర్‌ల పోసుకొని చాయ్ తాగుకుంట బండి దిక్కే చూస్తుంది. డాష్‌బోర్డు మీద అతని ఫోన్ వణుకుతనే ఉంది, ఓనరన్న అని. మూడోసారి నేనే ఎత్తిన. తమ్ముడు పండుకున్నడు, గంట ఆగి బయల్దేరుతం, పదకొండింటి ట్రిప్‌కు ఇంకొకరిని చూసుకో అన్న. ఆయన ముందు గరమైండు, పార్టీకి మాట ఇచ్చిన సార్ అన్నడు. రాత్రి ఫ్లైట్‌ల ఏమైందో మొత్తం చెప్పిన, నిన్న పొద్దున్నుంచి ఈ పోరడు ఎక్కడెక్కడ తిరిగిండో కూడా చెప్పిన. కొద్దిసేపు సప్పుడు లేదు. అంత తిరిగిండని నాకు లెక్క లేదు సార్, ఒక్కొక్క ట్రిప్ ఒక్కొక్కరు బుక్ చేస్తరు అన్నడు. నేను నమ్మిన. అదే కదా తప్పు, లెక్క రాసుకునేటోడే లేడు. పదిన్నరకు మా ఇంటి ముందట ఇంకో డ్రైవర్ బైక్ మీద రెడీగ ఉన్నడు, అతను బండి తీసుకొని పోయిండు, మమ్ముల తీసుకొచ్చిన పిలగాడు ఆ బైక్ తీసుకొని ఇంటికి పోతా అంటే నేను పోనియ్యలే, మా పక్కింటి అబ్బాయి దింపొచ్చిండు.

స్టార్లు ఇయ్యాలంటే ఇట్ల ఇస్త. ఆ కెప్టెన్‌కు, క్రూకు 5. ఎయిర్‌లైన్ ఆఫీసుకు ఒకటిన్నర, హోటల్ ముచ్చట దాచినందుకు, లెక్క ముందే వెయ్యనందుకు, మెయిల్ కొట్టిన, ఇంకా జవాబు రాలే. క్యాబ్ బండికి 4, డ్రైవర్ మర్యాదకు 5, కానీ మొత్తం సర్వీసుకు 2 కంటే ఎక్కువ ఇయ్యలేను, సాఫ్ సీట్లు ఉంటే ఏం లాభం. ఓనర్ ఆఖరికి మనిషిని మార్చిండు కాబట్టి ఆ 2, లేకుంటే 1.

1981ల మూతపడ్డ మన వరంగల్ పక్కన మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిల కేంద్రం ఓకే చెప్పింది, అది నడిస్తే ఈ రాత్రి పూట రోడ్డు ప్రయాణమే ఉండదు మనకు, మా అమ్మకు ఆ ఆశ మస్తుంది. అప్పటిదాకా క్యాబే దిక్కు.

వచ్చే నెల మళ్ల పోవాలె, ఈసారి తెల్లారుగట్ల ఫ్లైట్, రాత్రి ఒంటిగంటకు బయల్దేరాలె. మొన్న నాలుగు ట్రావెల్స్‌కు ఫోన్ చేసిన. రేటు అడిగే ముందట, ఆ రోజు డ్రైవర్ పగటి పూట ఏం ట్రిప్పులు కొడతడు, ఎప్పుడు పండుకుంటడు అని అడిగిన. ఇద్దరు నవ్విన్రు, ఒకాయన బండి కావాల్నా పోలీస్ ఎంక్వైరీనా అని ఫోన్ పెట్టేసిండు. నాలుగో ఆయన, నయీంనగర్ దిక్కు ఉంటడు, రెండే బండ్లు, జర ఆగు సార్ అని పక్కకు పోయి ఎవరితోనో మాట్లాడి వచ్చి, మా తమ్ముడే వస్తడు, ఆ రోజు మధ్యాహ్నం నుంచి బండి ఇయ్యను, పండుకొని వస్తడు, కానీ 500 ఎక్కువ అయితది అన్నడు. సరే అన్న. అడ్వాన్స్ కొట్టిన.